పాటలయ్య బండ మీద లేని తేదీ

మట్టితో చేసిన నోటికి పాట నేర్పిన దేవునికి స్తోత్రం. వాన రాని ఏడు కూడా మా పడమటి పల్లెల్లో ఆరాధన ఆగకుండా గొంతులను తడిగా ఉంచినవానికి స్తోత్రం. ఇచ్చిన చెయ్యి, తీసుకున్న చెయ్యి ఒకటేనని నమ్ముతూ, ఆ చేతికే మొదట నమస్కరించి ఈ సంగతి రాస్తున్నాను. రాసేటప్పుడు నా మాటలో సణుగుడు వినిపిస్తే ఆయనే క్షమించాలి.

మా అక్క కిడ్నీలు చెడి ప్రభువునందు నిద్రించింది. మా ఊరు అర్ధవీడు వైపు కొండ కింద ఉంటుంది. అక్క ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ చేలల్లోనే కూలికి పోయి, ఆ నీళ్ళే తాగి బతికింది. బడికి పోలేదు. నన్ను మాత్రం చదివించింది. నేను మార్కాపురంలో టీచరునయ్యాను. అక్క చివరి రోజుల్లో రక్తం శుద్ధి చేయించుకోవడానికి మా ఇంటికే వచ్చి ఉండేది. అమ్మ కూడా అప్పుడే మా ఇంటికి వచ్చేసింది.

నిద్రించడానికి కొద్ది నెలల ముందు ఊళ్ళో కోత పండుగ వచ్చింది. వద్దన్నా వినకుండా వెళ్ళింది. సజ్జ కంకులూ గుమ్మడికాయలూ పెట్టిన బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాటలయ్య పాట పాడింది. పాస్టరు గారి కోడలు దాన్ని ఫోనులో తీసి సంఘం పేజీలో అప్పటికప్పుడే లైవ్ పెట్టింది. మధ్యలో రెండుసార్లు ఆయాసం వచ్చి ఆగింది అక్క. ఆగిన చోట సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టి అందుకోబోతే చెయ్యెత్తి వారించింది. చివరి చరణం దాకా తానే పాడింది.

అక్క గొంతు అంతకు మించి మా దగ్గర లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తుంది కదా అని ఎవరూ దాచుకోలేదు.

అమ్మకు చూపు దాదాపు పోయింది. పొద్దున టీ తాగి గ్లాసు పక్కన పెట్టి, "పాపా, అక్కను పెట్టు" అనేది. పాట పెట్టు అని ఎప్పుడూ అనలేదు. నేను ఫోను ఆమె చేతిలో పెడితే చెవికి ఆనించుకుని వినేది. అయిపోయాక "ఊపిరి బాగా అందలేదు పాపం దానికి" అని, లేచి ప్రార్థనకు కూర్చునేది. ఏడవడం నేను చూడలేదు. కూతురు పక్క గదిలో ఉన్నట్టే ఉండేది ఆమెకు.

ఒకరోజు పొద్దున పాట రాలేదు. నల్లటి తెర మీద హక్కుదారు ఫిర్యాదు వల్ల ఈ వీడియో ఆపివేశామని రెండు ముక్కలున్నాయి.

"ఏంది, కరెంటు లేదా?" అంది అమ్మ.

"సిగ్నల్ లేదమ్మా" అన్నాను.

"మధ్యాన్నం పెట్టు అట్లయితే."

పాస్టరు గారి కోడలికి ఫోను చేశాను. ఆ అమ్మాయి అప్పటికే ఏడుస్తోంది. హైదరాబాదులో భక్తి పాటలు అమ్మే ఒక కంపెనీ, ఈ పాట రాసింది మా గాయకుడు, హక్కు మాది అని ఫిర్యాదు పెట్టిందట. లైవ్ కాబట్టి ఫోనులో వేరే కాపీ లేదట, పేజీలోంచి దించుకోవడానికి కూడా రావడం లేదట. గడువులోగా వాళ్ళ మాట తప్పని చూపించకపోతే పూర్తిగా చెరిపేస్తారట.

పాటలయ్య గురించి కొంచెం చెప్పాలి. ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. మా అమ్మ చిన్నతనంలో కంభం వైపు నుంచి నడుచుకుంటూ వచ్చిన సువార్తికుడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఎవరింట్లో కలుపు తీతలుంటే వాళ్ళ వెంట చేలోకి పోయి తానూ కలుపు తీస్తూ, ఆడవాళ్ళ కలుపు పాటల రాగాల్లోనే ప్రభువు మాటలు కట్టేవాడట. నీళ్ళ కోసం బావి తవ్వితే బండ పడింది, తవ్విన మనిషి ఆ బండనే తెచ్చి ఇంటికి పునాదిగా వేసుకున్నాడు, ఇదీ ఆ పాటలోని సంగతి. బావి తవ్వి బండ చూసి ఇంటికొచ్చిన వాళ్ళు మా వైపు చాలామంది. అందుకే ఆ పాట పొదిలి నుంచి గిద్దలూరు దాకా మా సంఘాలన్నిటిలో ఉంది. చివరి చరణంలో పాటలయ్య తన పేరు చెప్పుకుని, పాపిని నన్ను మరువకు అంటాడు. కంపెనీ వాళ్ళ పాటలో ఆ చరణం లేదు.

మార్కాపురంలో ఒక వకీలు దగ్గరకు వెళ్ళాను. పొదిలి వైపు రైతు కుటుంబం మనిషి. మా సంఘం కాదు, దేవుళ్ళ పటాలు గోడనిండా ఉన్నాయి. ఓపికగా విన్నాడు. కంపెనీ పాట విన్నాడు. నాకు జ్ఞాపకమున్నంతలో చివరి చరణం నా చేత పాడించుకున్నాడు.

"రాసింది ఎవరనేది చరణంలోనే ఉంది. ఊళ్ళోళ్ళు పదిమంది చెప్తే నిలబడతాది. ఇంతకీ ఆయన ఎప్పుడు పోయినాడు మేడం?"

"చాలా కాలమైంది సార్."

"చాలా కాలం అనేది కాయితం మీద నిలబడదు. రాసినాయన పోయిన సంవత్సరం గడిచి, ఆ వచ్చే జనవరి ఒకటి నుంచి అరవై ఏళ్ళు లెక్క. అవి నిండితే పాట లోకందయిపోతాది. మీరూ పాడొచ్చు, నేనూ పాడొచ్చు, ఆ కంపెనీ వాడూ పాడొచ్చు. నాది అని మటుకు ఎవడూ అనకూడదు."

"దేవుని పాట మొదటి నుంచీ లోకందే కదా సార్."

"దేవుడు సంతకం పెట్టి పంపిస్తే నా పని తేలికయ్యేది మేడం" అని నవ్వాడు. వెంటనే నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "తమాషాకన్నాను. ఏమనుకోవద్దు."

ఇంటికొచ్చి అమ్మనడిగాను. అప్పటికి సంగతి చెప్పక తప్పలేదు.

"పాటలయ్య ఎప్పుడు చనిపోయాడమ్మా?"

"ఆయన యాడ చనిపోయినాడు? నిద్రించినాడు."

"సరే, ఎప్పుడు నిద్రించాడు?"

"మీ అక్క కడుపులో ఉండింది నాకు. నెలలు నిండినాయి. పాడె ఎంట పోవద్దనింది మా అత్త. నేను పోయినా. ఆయన పాట పాడుకుంటా పోయినా. కడుపులో అది కాళ్ళతో తన్నింది. అందుకే దానికి ఆ పాట అంత బాగా వచ్చింది." మళ్ళీ తానే అంది. "అప్పుడు మనది కర్నూలు జిల్లా."

వకీలుకు చెప్పాను. ఆయన పెన్ను టేబుల్ మీద పడేశాడు. "కర్నూలు జిల్లా అంటే మన జిల్లా మారిన డెబ్బైకి ముందని తేలుతాది. అది చాలదు. అరవై మూడులో పోయింటే పాట లోకంది. అరవై ఎనిమిదిలో అయితే ఇంకా కాదు. మీ అక్క సర్టిఫికెట్ ఏమన్నా ఉందా?"

బడికే పోని మనిషికి సర్టిఫికెట్ ఎక్కడిది. ఆధార్ కార్డులో మా ఊరి వాళ్ళందరికీ ఉన్నట్టే జనవరి ఒకటి అని ఉంది. సంవత్సరం కూడా రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మనిషి వాలకం చూసి వేసిందే. అక్క ఎప్పుడూ వయసుకంటే చిన్నగా కనిపించేది. మిషనరీ దొరలు వెళ్ళిపోయాక గుడి కప్పు కారి సంఘం పాత పుస్తకాలను చెదలు తిన్నాయి.

"సమాధి ఉంది కదా. దాని మీద ఉండదా?" అన్నాడాయన.

అక్కడే మా సంఘం పద్ధతి చెప్పాల్సి వచ్చింది. మార్కాపురం చుట్టూ పలకరాయి గనులు కాబట్టి మా సమాధులకు నిలబెట్టేది పలకరాయే. ఆ పలక పై సగంలో మనిషి పేరూ, బాప్తిస్మం పొందిన దినమూ చెక్కిస్తాం. తల్లి కడుపులోంచి పుట్టిన రోజు రాయము, ఎందుకంటే అది శరీరం పుట్టుక. పోయిన రోజూ రాయము, ఎందుకంటే ఆ మనిషి పోలేదు. కింది సగం నున్నగా వదిలేస్తాం. ప్రభువు వచ్చినప్పుడు ఆయనే అక్కడ రాసుకుంటాడని పెద్దలు చెప్పేవారు. సండేస్కూల్లో పిల్లలకు నేను కూడా ఆ మాటే గొప్పగా చెప్పాను. లోకమంతా చావు తేదీ రాస్తుంది, మనం జీవం తేదీ రాస్తాం అని.

వకీలు పడేసిన పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మీ పద్ధతి మంచిదే మేడం. కాకపోతే ఆ బండ ఆయన తిరిగి పుట్టినాడని చెప్తాది గానీ పోయినాడని చెప్పదు." మళ్ళీ తానే అన్నాడు. "పరవాలేదు. బండ ఎట్ల ఉందో అట్లనే ఫొటో తీద్దాం. పాత రాయి, పాత అక్షరం, దాని మీద ఆయన పేరు. ఆ పక్కన మీ అమ్మగారి ప్రమాణం, ఊరి పెద్దల ప్రమాణం. అన్నీ కలిపి పంపిద్దాం. అవతలివాళ్ళు కూడా మనుషులే గదా. వచ్చే శనివారం నేనే వస్తా."

ఈ మాట ఊళ్ళో మా చిన్నాయనకు ఫోనులో చెప్పాను. మా నాయనకు తమ్ముడు, సంఘంలో పెద్ద. అక్కను భుజాల మీద మోసి పెంచినవాడు. "వకీలు బండ చూడ్డానికి వస్తాడు. తేదీ లేకపోవడమే చిక్కు" అన్నాను. ఆయన "ప్రార్థన చేస్తాం పాపా, దిగులుపడొద్దు" అన్నాడు.

శనివారం ఆటోలో అమ్మనూ వకీలునూ తీసుకుని ఊరికి వెళ్ళాను. చిన్నాయన ఉతికిన పంచె కట్టుకుని సమాధుల తోట దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన సంఘం మనుషులు నలుగురైదుగురు. గడ్డి పీకి, దారికి సున్నం గీత కూడా వేశారు.

పాటలయ్య పలక దగ్గరకు పోయి నేను ఆగిపోయాను. పై సగంలో అక్షరాలు వానకూ ఎండకూ కరిగి రాయి రంగులో కలిసిపోయి ఉన్నాయి. కింది సగంలో, మొన్నటిదాకా నున్నగా ఉన్న చోట, తెల్లగా కొత్త అక్షరాలు. ప్రభువునందు నిద్రించిన నెల, వకీలు లెక్కకు అరవై ఏళ్ళు నిండిన సంవత్సరం. పొడి ఇంకా పలక అడుగున గడ్డి మీద ఉంది.

వకీలు వంగి వేలితో ఆ పొడిని ముట్టుకున్నాడు. "ఎవరు చెక్కించినారు ఇది?"

"మనమే సార్" అన్నాడు చిన్నాయన. "మూడు దినాలు ఉపవాసముండి చేసినాం. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే మాట నిలబడతాదని వాక్యం. మా వదిన ఒక సాక్షి. నేను ఒక సాక్షిని, నేనప్పుడు ఇంతవాణ్ణి, మన్ను వేసినా. మూడో సాక్షి లేకపాయె. బండను సాక్షిగా నిలబెట్టినాం. ఏడు నాకు బాగా గుర్తే, నెల కూడా పెద్దలమంతా సరిగ్గా కూడబలుక్కొని రాయించినాం, అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఏమన్నా తక్కువైతే చెప్పండి, చెక్కేటాయన ఊళ్ళోనే ఉండాడు."

"తక్కువ కాలేదు పెద్దాయనా. ఎక్కువైంది."

చిన్నాయనకు అర్థం కాలేదు. వకీలు కసురుకోకుండా చెప్పాడు. పాత రాయి మీద కొత్త తేదీ ఉంటే చూసేవాడు తేదీనే కాదు, రాయినీ నమ్మడు. ముందు మనకు సాక్ష్యం తక్కువగా ఉండింది, ఇప్పుడు ఉన్న సాక్ష్యం మీదే అనుమానం వచ్చింది.

గుంపులో ఒకాయన మెల్లగా అన్నాడు. "ఆముదం పూసి కాస్త పొగ పెడితే నల్లబడతాది. మా ఇంట్లో గడపకు అట్లనే చేసినాం. వారానికి ముందుదో వందేళ్ళ ముందుదో ఎవురికి తెలుస్తాది?"

అందరం మళ్ళీ ఆ తెల్లటి అక్షరాల వైపు చూశాం. తేదీ నిజమే. దానికి పాతదనం మాత్రమే కావాలి. అక్క గొంతు ఆ పొగకు అవతల ఉంది. నేను వద్దనలేదు.

చిన్నాయనే తల అడ్డంగా ఊపాడు. "నిజానికి మసి పూస్తే అది అబద్ధమైపోతాది రా. చాలు, నేను చేసిన కాడికి చాలు."

ఈ మాటలు జరుగుతుండగా అమ్మ నా చెయ్యి వదిలి, తడుముకుంటూ పలక దగ్గరకు పోయి కూర్చుంది. సమాధుల తోటకు ఎప్పుడొచ్చినా ఆమె చేసే పని అదే, పలకను పైనుంచి కిందికి నిమురుతుంది. చదువు రాదు. పైన గరుకు, కింద నునుపు, ఆమెకు అదే చదువు. చెయ్యి కిందికి వచ్చి ఆగింది.

"ఏంది ఇది, గరుగ్గా ఉంది?"

ఆమె వేలు ఒక కొత్త అక్షరం గాడిలో తిరిగింది.

"ఎవురన్నా చెప్పండి."

"తేదీ రాయించినా వదినా" అన్నాడు చిన్నాయన. "పాటలయ్య నిద్రించిన తేదీ. బిడ్డ పాట కోసం."

అమ్మ ఆ గరుకును మళ్ళీ ఒకసారి చివరిదాకా తడిమింది. "ఇది ప్రభువుకు వదిలిన జాగా నాయనా" అంది. "ఇన్నేళ్ళూ ఆయన్ని ఎవురూ సంపలేదు. మనమే సంపుకుంటిమి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే మా చిన్నాయనకు తేలికగా ఉండేది. ఆయన భుజం మీది తుండు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని అవతలికి నడిచాడు.

వకీలు ఫొటోలు తీశాడు. కింది సగాన్ని తప్పించి తీయొచ్చు కదా అని నేనడిగితే, "అది వాళ్ళే వచ్చి చూస్తే మీ అమ్మగారి ప్రమాణం కూడా పోతాది మేడం" అన్నాడు. మొత్తం రాయి పెట్టి, కింది తేదీని ఈ మధ్యే సంఘం వాళ్ళు చెక్కించారని తానే రాసి, ఊరి పెద్దల ప్రమాణాలతో పాటు అమ్మ వేలిముద్రతో ప్రమాణపత్రం జతచేసి పంపించాడు. ఆ పత్రంలో పాటలయ్య చనిపోయాడు అని ఉండాలి, నిద్రించాడు అంటే కుదరదన్నాడు. చదివి వినిపించాక అమ్మ వేలు సిరాలో ముంచి గాలిలోనే పట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కాగితం మీదికి దించాను.

జవాబు మర్యాదగానే వచ్చింది. సమర్పించిన రాయి మీది తేదీ ఇటీవలిదని మీరే ఒప్పుకున్నారు, వయోవృద్ధుల జ్ఞాపకం తప్ప మరో ఆధారం లేదు, కాబట్టి మా హక్కును వదులుకోలేము అని. వకీలు కోర్టుకు వెళ్దామన్నాడు. వెళ్తే గెలుస్తామని కూడా అన్నాడు. "కాకపోతే ఏళ్ళు పడతాది మేడం. పాట గెలుస్తాది. వీడియో మటుకు అప్పటిదాకా ఉండదు." అదే సంగతి. పాట ఎవరిదో తేలినా తేలకపోయినా మేము పాడుతూనే ఉన్నాం. మా కొండ కింద ఆరాధనలో వచ్చి మా నోళ్ళు మూసేవాడు లేడు. మాకు కావలసింది పాట కాదు. ఆయాసంతో రెండుచోట్ల ఆగిన ఆ ఒక్కసారి పాడడం. దాన్ని లోకానికి వదలడానికి అరవై ఏళ్ళ లెక్క ఏదీ లేదు. గడువు తీరింది, చెరిపేశారు. పాస్టరు గారి కోడలు ఆ పేజీ తెరిచి చూపిస్తే, కోత పండుగ ఉండిన చోట ముందు వారం ఆరాధన, తర్వాతి వారం ఆరాధన పక్కపక్కన చేరిపోయి ఉన్నాయి.

చిన్నాయన ఆ నెల రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు రాలేదు. పాస్టరు గారు ఇంటికి పోయి అడిగితే, "చేతులు శుద్ధిగా లేవయ్యా" అన్నాడట. ఆ తర్వాతి నెలా రాలేదు. ఆరాధనకు వస్తాడు, బయట చెప్పుల దగ్గర కూర్చుంటాడు. లోపల పాటలయ్య పాట ఎత్తుకుంటే లేచి బావి వైపు పోతాడు. ఆయనను నేను నిందించలేదు, అమ్మా నిందించలేదు. తేదీ రాయకపోవడమూ విశ్వాసంతోనే చేశాం, రాయడమూ విశ్వాసంతోనే చేశాం. రెండింటి మధ్యా అక్క గొంతు ఎట్లా పోయిందో నేను ప్రభువునే అడుగుతున్నాను. ఇంకా జవాబు రాలేదు.

చెరిపేశారని ఒకరోజు సాయంత్రం అమ్మకు చెప్పాను. మరునాడు పొద్దున టీ తాగింది. గ్లాసు పక్కన పెట్టింది. చెయ్యి అలవాటుగా నా వైపు కొంచెం చాచి, వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

అక్క నిద్రించి ఏడాది కావస్తోంది. పలక నిలబెట్టాలి. పలక కోయించి తెచ్చి ఇంటి గోడకు ఆనించాం. పేరు, బాప్తిస్మం దినం చెక్కడం అయిపోయింది. మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అమ్మ దాని పక్కన కూర్చుని పైనుంచి కిందికి నిమిరింది. నునుపు దగ్గర ఆగింది.

"పాపా, ఇక్కడ కూడా రాయించు."

"ఏం రాయించాలమ్మా?"

"మీ అక్క చనిపోయిన తేదీ."

చనిపోయిన అనే మాట ఆమె నోట మొదటిసారి విన్నాను. మన పద్ధతి కాదు కదమ్మా అన్నాను. ప్రభువుకు వదలాల్సిన చోటు కదా అన్నాను. నేను పిల్లలకు చెప్పిన మాటలన్నీ ఆమెకు చెప్పాను.

"పొద్దునపూట దాని గొంతు వినపడినంతకాలం నిద్రపోయిందనే అనుకుంటి" అంది అమ్మ. "ఇప్పుడు వినపడ్డంలే గదా. రాయించు."

చెక్కేవాడికి నేనింకా కబురు పంపలేదు. పలక గోడకు ఆనించే ఉంది. ఈ రాత చదివిన విశ్వాసులారా, మీరున్నచోటనే నాతో కలిసి కాసేపు తల వంచండి. పోయిన గొంతు తిరిగి రావాలని అడగవద్దు, అది ఆయన దగ్గర క్షేమంగానే ఉందని నమ్ముతున్నాను. చెప్పుల దగ్గర కూర్చున్న పెద్దాయన లేచి బల్ల దగ్గరకు రావాలని అడగండి. ఆ కంపెనీలో మాకు జవాబు రాసిన మనిషి ఎవరో, ఆ మనిషి ఇంటినీ దీవించమని అడగండి. అన్నిటికంటే ముందు మా అమ్మ కోసం అడగండి. చూపు లేని ఆ ముసలిదానికి, పొద్దున లేచేసరికి తన బిడ్డ నిద్రలోనే ఉందని మళ్ళీ నమ్మగలిగే మనసు ఇమ్మని, ఆ పలక మీద చెక్కేవాడి చెయ్యి పడకముందే ఇమ్మని, నాతో కలిసి ప్రార్థించండి.